‘ఆగినాము’ అని రాసినందుకు

తర్జుమా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ అనుభవం ఏమైనా చెప్పండి సార్" అని కూర్చుంటారు. నేను కుర్చీలో పది నిమిషాలు కుదురుగా ఉండలేను. లేచి గదిలో తిరుగుతూ చెబుతాను. వాళ్ల మెడలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. "ఆ పిల్లోళ్లకు మెడనొప్పి తెప్పించి పంపుతారా ఏంది, కాగితం మీద రాసియ్యరాదా" అని మా ఆవిడ విసుక్కుంది. అందుకని రాస్తున్నాను. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు పైకొచ్చాను, ఎవరి సంతకంతో రిటైరయ్యాను అన్నవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. అక్కడే ఉండనీ. నేను చెప్పేది ఒక్క ఇంగ్లీషు క్రియ గురించి. గుర్రాల మీద తిరిగిన కాలంలో తెల్లవాళ్లు వాడిన మాట. గుర్రాలతో పాటే పోయింది. పోతూ పోతూ ఒక పాలెం నోట్లో మట్టి కొట్టింది. కొట్టింది మాట కాదు, నేను.

మా పని

1953లో నంద్యాలలో ఒక సర్కారు ఆఫీసులో తర్జుమా గుమాస్తాగా చేరాను. ఏ ఆఫీసో అనవసరం. దారులు, చెరువులు, బావులు, పోరంబోకు మీద తగాదాలొస్తే రికార్డు గదిలోంచి పాత ఇంగ్లీషు కాగితాలు తీసేవాళ్లు. వాటిని మేము తెలుగు చెయ్యాలి. విచారణ ఆ ఊళ్లోనే జరిగేది. ఇరుపక్షాల వాళ్లూ వినేటట్టు మా తెలుగు కాగితం గట్టిగా చదివేవాళ్లు. దాని అడుగున "మూలానికి సరైన తర్జుమా" అని మా సంతకం ఉండేది.

ఇక అసలు కాగితం జోలికి ఎవడూ పోడు. అది చెదలు తిన్న అట్టల మధ్య, వెలిసిన సిరాతో, కోడి గెలికినట్టున్న దస్తూరీలో ఉంటుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన ఆఫీసరు కూడా దాన్ని చూసి మొహం తిప్పుకుని మా తెలుగు మీదనే ఉత్తరువు రాసేవాడు. చచ్చిన దొర ఏమన్నాడో బతికున్న ఊరికి చెప్పే నోరు మాదొక్కటే. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే మొదటిరోజే భయపడేవాణ్ని, అదే మంచిది కూడా.

శేషయ్య గారు నేర్పింది

మా పెద్ద గుమాస్తా శేషయ్య గారు. ముక్కుపొడుం మనిషి, చేతి వేగం చెప్పలేం. నేను ఒక పేజీ చేసేలోపు ఆయన నాలుగు చేసి, మధ్యలో నా పేజీలో తప్పులు కూడా దిద్దేవాడు. నాకు ఆయన రెండు సూత్రాలు నేర్పాడు.

మొదటిది, ఆఫీసరు గుర్తు పెట్టిన పేజీలే చదువు, మిగతా పుస్తకం నీ అత్తగారి సొత్తు కాదు. రెండోది, తెలియని మాట ఎదురైతే ఒక మెట్టు పైకెక్కు. "గుర్రం జాతి తెలీకపోతే గుర్రం అని రాయి. గుర్రమో గాడిదో తెలీకపోతే జంతువు అని రాయి. జంతువు అన్నందుకు ఎవణ్నీ ఉరి తియ్యలేదు నాయనా" అనేవాడు. ఖాళీ వదిలితే మాత్రం మండిపడేవాడు. ఖాళీ కనిపిస్తే మనకు రాదని తెలిసిపోతుందని ఆయన బాధ.

నిఘంటువు లేదా అని అడుగుతారు మీరు. పెద్దది ఒకటి ఉండేది. కర్నూలు రాజధాని అయినప్పుడు బల్లలు, బీరువాలతో పాటు దాన్నీ ఎత్తుకుపోయారు. మాకు మిగిలింది బడిపిల్లల నిఘంటువు ఒకటి. దాంట్లో కుక్క, పిల్లి తప్ప ఏముంటుంది?

శేషయ్య గారి సూత్రం తొంభై తొమ్మిదిసార్లు పనిచేసింది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు, నాతో సహా.

బోడుపల్లె బావి

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే పాత బండిదారిలో సగం దూరాన బోడుపల్లె. ఊరికి ఎడంగా పాలెం. పాలెంలో అందరూ కిరస్తానీలే, కూలి చేసుకునేవాళ్లు. వాళ్లకు ఒక చిన్న చర్చి, ఆ చర్చిలోనే బడి. ఆ బడి పంతులమ్మ ఎస్తేరమ్మ. ముప్పై ఏళ్ల మనిషి, మాట కత్తిపీట.

దారి పక్కన చింతచెట్ల కింద ఒక దిగుడుబావి ఉంది. పాలెం వాళ్లు అక్కడే ముంచుకునేవాళ్లు. ఆ చుట్టుపక్కల భూమి ఓబుళరెడ్డిది. ఆయన బావికి ఆయిలింజను బిగించి, చుట్టూ కంప నాటి, "మా జేజినాయన తవ్వించిన బావి, నా సొంతం" అన్నాడు. పాలెం ఆడవాళ్లు ఇక మైలున్నర దూరం వంకకు పోవాలి. ఎండాకాలం వంక ఎండితే ఇసుకలో చెలమ తీసి, చిప్పతో తోడి, కుండ నింపుకోవాలి.

ఎస్తేరమ్మ అర్జీ పెట్టింది. బావికి రాళ్లు కట్టించింది ఓబుళరెడ్డి తాతే కావచ్చు, నీళ్లు మాత్రం అంతకు ముందు నుంచి ఉన్నాయి, అక్కడ ఊట ఉండేది, తెల్లదొరలు ఆ దారిన పోతూ దిగేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు, మీ పాత పుస్తకాలు చూడండి అని అందులో రాసింది. రికార్డు గదిలో వెతికితే నిజంగానే ఒక దొర రాసుకున్న క్యాంపు డైరీ దొరికింది. ఓబుళరెడ్డి జేజినాయన పుట్టకముందుది. ఆఫీసరు రెండు పేజీలకు గుర్తుపెట్టి నాకు పంపాడు.

ఆ రెండు పేజీల్లో బోడుపల్లె మీద ఉన్నది ఒకే వాక్యం. తెల్లవారకముందే ఆళ్లగడ్డ విడిచి, ఏడు మైళ్లు స్వారీ చేసి, బోడుపల్లె చింతల కింద "బెయిట్" చేసి, పొద్దు వాలినాక అహోబిలం చేరామని. నాకు తెలిసిన బెయిట్ గాలానికి గుచ్చే ఎర. చింతల కింద గాలమేమిటి? బడిపిల్లల నిఘంటువులో ఇంకో అర్థం లేదు. శేషయ్య గారు మెడ చాచి చూసి, "ఆగినారు అని రాసెయ్" అన్నాడు. నేను "బోడుపల్లె చింతల కింద ఆగినాము" అని రాసి సంతకం పెట్టాను. అరనిమిషం పని.

విచారణ ఆ చింతల కిందే జరిగింది. కాగితం నేనే చదివాను. ఓబుళరెడ్డి తువ్వాలు విదిలించి నవ్వాడు.

"ఆగినారంట. నీడుంది, ఆగినారు. దొరలు ఆగితే ఆడ బావి పుడతాదా సామీ?"

జనం నవ్వారు. ఎస్తేరమ్మ నవ్వలేదు. నా దగ్గరికొచ్చి అడిగింది. "దొర అంతే రాసినాడా సార్? నీళ్ల మాటే ల్యాదా?"

"లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు చదివాను" అన్నాను.

పదిహేను రోజులకు ఉత్తరువు వచ్చింది. ఆ చోట పూర్వం నీళ్లున్నట్టు దాఖలా లేదు, బావి ఓబుళరెడ్డిదే. పాలెం వాళ్లు దొరలనాటి మాటలు తప్ప వేరే రుజువు చూపలేకపోయారు.

ఖాసిం సాహెబు

ఎస్తేరమ్మ అడిగిన ప్రశ్న నన్ను పీక్కుతినడం మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుంటే అది, కలం పట్టుకుంటే అది. ఉన్నది ఉన్నట్టు చదివానని ఆమెకు చెప్పాను. నాకు తెలియని మాటను తెలిసినట్టు రాసి చదివానన్నది నిజం. నంద్యాలలో ఉన్న ఇద్దరు ఇంగ్లీషు మేష్టర్లను అడిగాను. ఒకాయన ఎర అన్నాడు. ఇంకొకాయన ఎందుకయ్యా నీకు అన్నాడు. ఇట్లా ఏడాది గడిచింది.

ఒకరోజు వేరే పని మీద ఆళ్లగడ్డ పోయాను. బస్సు దిగి జట్కాల దగ్గర నిలబడి ఉంటే, ఒక ముసలి సాహెబు జట్కావాణ్ని దులిపేస్తున్నాడు.

"ఒరే, వంటి మీద చెమట ఆరనీరా. నీళ్లు తాపకుండా ఉలవలు పెడతాండావే, దాని కడుపుబ్బి చస్తే నువ్వు లాగుతావా బండి?"

ఆయన పేరు ఖాసిం సాహెబు. డెబ్బై అయిదు దాటినవాడు. వయసులో ఉన్నప్పుడు తెల్లదొరల దగ్గర సైసు, అంటే గుర్రాలు చూసుకునే మనిషి. నా కాళ్లు నన్ను ఆయన దగ్గరికి ఈడ్చుకుపోయాయి. పరిచయం లేదు, పలకరింపు లేదు, "బెయిట్ అంటే ఏంది సాహెబూ" అని అడిగేశాను.

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "యాడ విన్యారు సామీ ఆ మాట? నా చిన్నప్పుడు ముసలి దొరలు అంటాండిరి. తర్వాతోళ్లు అన్లేదు."

"అంటే ఏం చేసేవాళ్లు?"

"ఏం చేస్తాం? పొద్దున్నే బయల్దేరి ఆరేడు మైళ్లు పోతాం. యాడన్నా దిగుతాం. నేను కళ్లెం తీసి, జీను కింద పటకా వదులు చేసి, చెమట ఆరిందాకా నడిపిస్తా. అప్పుడు నీళ్లు. నీళ్లు తాగినంక గడ్డి. గడ్డి తిన్నంక ఉలవలు. గంటో రెండు గంటలో. అంతా అయినంక దొర మళ్లీ ఎక్కుతాడు. ఇదంతా కలిపి ఆ మాట."

"నీడ ఉండి నీళ్లు లేకపోతే?"

ఆయనకు కోపమొచ్చింది. "నీళ్లు ల్యాకుంటే యాడ బేట్ చేస్తారు సామీ? ఉలవలు నేను మూట గట్టుకోని పోతా. నీళ్లు మూట గట్టుకోని పోతానా? దొర తాగేది ఒక సీసా. గుర్రం తాగేది ఎంతో మీకేమన్నా ఎరుకా? నీళ్లు చూసుకోనే దిగేది. నీడ ల్యాకున్నా దిగుతాం."

నేను వచ్చిన పని వదిలేసి తిరుగు బస్సెక్కాను. ఆ బస్సు అంత నెమ్మదిగా పోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

గుర్తు పెట్టని పేజీలు

సైసు మాట మీద ఉత్తరువులు మారవని నాకు తెలుసు. రికార్డు గదిలోకి పోయి ఆ డైరీని మొదటి అట్ట నుంచి చదవడం మొదలుపెట్టాను. నా పని అయ్యాక సాయంత్రాలు రెండేసి గంటలు చదివి, పన్నెండు రోజుల్లో ముగించాను.

ఆ దొర చాదస్తపు మనిషి. ఏ పూట ఎన్ని మైళ్లు, ఏ గుర్రానికి కాలు నొప్పి, అన్నీ రాసుకున్నాడు. బెయిట్ అన్న మాట తొమ్మిది చోట్ల వాడాడు. ఒకచోట వాగు పక్కన, ఒకచోట కుంట గట్టున, ఇంకోచోట సత్రం బావి దగ్గర. ఊరికే నిలబడినప్పుడు, వానకు చెట్టు కిందికి పోయినప్పుడు, కరణంతో మాట్లాడటానికి దిగినప్పుడు వేరే మాట రాశాడు. ఈ మాట గుర్రం మేసి తాగినప్పుడే.

పదోది కూడా ఉంది. బోడుపల్లె పేజీ తర్వాత ఆరో పేజీలో. తిరుగు ప్రయాణంలో ఒక పల్లె దగ్గర కుంట ఎండిపోయి ఉన్నందున బెయిట్ చెయ్యడం కుదరలేదని, అందుకే గుర్రాలను "బోడుపల్లె ఊట దాకా" నడిపించి తెచ్చామని రాశాడు.

ఊట అని రాశాడు. నీళ్ల మాటే లేదా అని ఆమె అడిగింది ఇదే. నేను గుర్తు పెట్టిన రెండు పేజీలు చదివి కలం మూసిన చోటు నుంచి ఆరు పేజీలు తిప్పితే ఉంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకున్నాను.

ఒప్పుకోలు

శేషయ్య గారికి చూపిస్తే పొడుం డబ్బా మూసేశాడు. "మూలానికి సరైన తర్జుమా అని సంతకం పెట్టినావు. ఇప్పుడు కాదంటే నువ్వు చేసిన కాగితాలన్నీ తిరగదోడతారు. నావీ తిరగదోడతారు. నాకింకా రెండేళ్లే ఉంది నాయనా."

ఆయన భయం అబద్ధం కాదు. ఆ మాట విని నేను ఒక వారం ఊరుకున్నాను. ఈ వారం గురించి కూడా చెప్పాలి. అప్పటికే ఎండలు ముదిరాయి, నేను ఊరుకున్న ప్రతిరోజూ ఎవరో ఒకరు ఇసుకలో నీళ్లు తోడుతున్నారని తెలిసే ఊరుకున్నాను.

తర్వాత ఆఫీసరు ముందు నిలబడ్డాను. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదగా మాట్లాడతాడు, ఆ మర్యాదకే వణుకు పుడుతుంది.

"మీకు తెలియని మాటని ఆ రోజే చెప్పవచ్చు కదండీ?"

"చెప్పవచ్చండీ."

"మరెందుకు చెప్పలేదు?"

"రాదంటే చిన్నతనమనుకున్నానండీ."

ఆయన తెల్ల కాగితం నావైపు జరిపి, అదే మాట రాసి సంతకం పెట్టమన్నాడు. రాశాను. నాకు రావలసిన ప్రమోషను ఆగిపోయింది, శేషయ్య గారు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. కానీ ఆ ఆఫీసరు డైరీ తెప్పించుకుని పది చోట్లా తానే చదివాడు. ఖాసిం సాహెబును పిలిపించి వాంగ్మూలం తీసుకున్నాడు. విచారణ మళ్లీ పెట్టి, అంతా తేలి, కొత్త ఉత్తరువు వచ్చేసరికి ఆ ఎండాకాలం గడిచిపోయి, ఇంకో ఎండాకాలం సగానికొచ్చింది. బావి దారిన పోయే అందరిదీ, కంప తీసెయ్యాలి.

కంప తీస్తున్నప్పుడు ఓబుళరెడ్డి అక్కడే ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. "ఈ ముక్క ముందే చదివింటే నేను అప్పుడే ఇంజను తీసేసింటి గదా సామీ. ఊరంతా నన్ను దొంగను చేస్తిరి" అన్నాడు. నిజమే. నా ఒక్క మాటకు రెండువైపులా దెబ్బ తగిలింది.

మీకు చెప్పదలచుకున్నది ఇంతే. రాని మాట దగ్గర ఖాళీ వదలండి. ఖాళీ చూస్తే ఎవడో ఒకడు అడుగుతాడు. మెత్తటి మాట పెట్టి పూడ్చేస్తే ఎవడూ అడగడు. గుర్తు పెట్టని పేజీలు కూడా చదవండి. నిఘంటువులో లేని మాట జట్కాల దగ్గర ఉండొచ్చు, సిగ్గుపడకుండా పోయి అడగండి.

పాలెంలో

ఇన్నేళ్లూ ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఇక్కడికి ఆపేశాను. విన్నవాళ్లు నన్ను మెచ్చుకుని పోయేవాళ్లు. ఈసారి మిగతాదీ రాస్తాను.

కంప తీసినాక, ఉత్తరువు నకలు నేనే పట్టుకుని పాలెం పోయాను. పోస్టులో పంపితే సరిపోయేది. మెచ్చుకుంటారని పోయాను. బస్సు దిగి మూడు మైళ్లు, నడి వేసవి. ఎస్తేరమ్మ ఇంటి పంచలో ఒక ముసలమ్మ మంచం మీద పడుకుని ఉంది. ఆమె తల్లి.

"ఆ మొదటి ఉత్తరువు వచ్చిన యేడే వంకలో నుంచి కుండెత్తుకోని వస్తా బండల మింద పడింది సార్. తుంటి విరిగింది. మళ్లీ లేయల్యా" అంది ఎస్తేరమ్మ. నకలు తీసుకుని నిలబడే రెండుసార్లు చదివింది. థాంక్స్ చెప్పలేదు. "రెండేండ్లు పట్టె" అంది.

తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. "తెలుసు సార్, మీరు రాసిచ్చిన కాగితం ఆఫీసరు చదివినాడు గదా ఆడ, విచారణలో" అంది.

ముసలమ్మ మంచం మీద నుంచే అంది. "ఎండన పడి వచ్చినాడు. సారుకు నీళ్లియ్యి పాపా."

ఎస్తేరమ్మ ఇత్తడి గ్లాసు చింతపండుతో తోమి, కడిగి, నిండుగా తెచ్చింది. "ఆ బావి నీళ్లే సార్."

మా ఇళ్లల్లో ఎవరూ పాలెంలో నీళ్లు తాగరు. మా నాయన తాగలేదు, ఆయన నాయన తాగలేదు. అక్కడ నన్ను చూసేందుకు మావాళ్లు ఎవరూ లేరు. తాగవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. గొంతు ఎండి నాలుక అంగిట్లో అంటుకుపోతోంది. నా చెయ్యి లేవలేదు.

"దాహం లేదమ్మా" అన్నాను.

ఎస్తేరమ్మ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది. ముసలమ్మ నా మొహం వైపు ఒకసారి చూసి, కూతురి వైపు చెయ్యి చాచింది.

"పారబోయాకు. నాకియ్యి" అంది. తల ఎత్తించుకుని మొత్తం తాగింది.

నేను సెలవు తీసుకుని మూడు మైళ్లు నడిచాను. బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, హోటల్లో నిలబడి రెండు చెంబుల నీళ్లు తాగాను.